మద్దెల ఓడైతే ఓడనే అనాలి

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మనకో సామెత. దీన్ని పుట్టించినది ఎవరైనా గానీ, ఆడే మనిషి మాత్రం అయి ఉండదు. మద్దెల వాయించేవాడో, మద్దెలలమ్ముకునేవాడో అయి ఉంటాడు. ఆడపిల్లలకి ఈ సామెతను ఉగ్గుపాలతో పాటు పోస్తున్నాం. కత్తిపీట మొండిదైతే కూర తరగడం రాదంటాం. జాకెట్టు బిగుతైతే ఒళ్ళు చేశావంటాం. వస్తువులో లోపం ఉండడానికి వీల్లేదు. ఉంటే గింటే మనిషిలోనే ఉండాలి!

మరి మద్దెల నిజంగానే ఓడైతే? ఓడనే అనాలంటాను నేను. అని ఊరుకోకుండా సరిచేసుకోవాలని కూడా అంటాను.

ఇప్పుడీ మాట గిటారు వల్ల వచ్చింది. తిరుమలాయపాలెంలో గిటారేమిటని నవ్వకండి. ఒకప్పుడు కుట్టుమిషను వచ్చినట్టే ఇప్పుడు గిటారూ ఇళ్ళలోకి వచ్చింది. మా వీధిలో ఓ పదమూడేళ్ళ పిల్లకి తండ్రి ముచ్చటపడి కొనిపెట్టాడు. వారానికి రెండుసార్లు బస్సెక్కి ఖమ్మం వెళ్ళి నేర్చుకునేది. నాలుగు నెలలు తిరిగేసరికి గిటారు బీరువా మీదికెక్కింది. ఏమైందే అని అడిగితే, "వేళ్ళు అందట్లేదు పెద్దమ్మా. ఎఫ్ కార్డు పడట్లేదు. తీగలు జర వదులు చేసుకుంటానంటే సారు కోప్పడ్డడు. నీకు రాక గిటారునంటున్నవా అన్నడు" అంది.

చూశారా, సామెత ఎంత దూరం ప్రయాణం చేసిందో! ఆ సారు మీద నాకేం కోపం లేదు. ఆయనకి ఆయన గురువు అదే చెప్పి ఉంటాడు. నా దెబ్బలాటంతా ఆ మాటతోనే.

అసలు సంగతేమిటో చూద్దాం. గిటారుకి ఆరు తీగలు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే పాశ్చాత్య స్వరాలకి శ్రుతి చేస్తారు. ఇదేమీ వేదవాక్కు కాదు, ఒక రాజీ. పక్కపక్క తీగల మధ్య దూరం నాలుగుచోట్ల షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్నంత. జి, బి తీగల మధ్య మాత్రం షడ్జమానికీ అంతర గాంధారానికీ ఉన్నంతే. ఎందుకీ వంకరంటే, స్వరాలు వరసగా వాయించడానికీ, కొన్ని స్వరాలు కలిపి ఒక్కసారిగా పలికించే కార్డులకీ రెండింటికీ సగం సగం వీలుగా ఉండాలని. రాజీ గనకనే కొన్ని కార్డులు సుళువు, కొన్ని ప్రాణాంతకం. ఎఫ్ కార్డుకి చూపుడు వేలు మొదటి మెట్టు మీద ఆరు తీగలకీ అడ్డంగా పరిచి నొక్కాలి. మిగతా మూడు వేళ్ళూ ముందు మెట్లకి సాగాలి. అరచెయ్యి చారెడు ఉన్న మగపిల్లలే దీనికి నెలల తరబడి కుస్తీ పడతారు.

ఇప్పుడు మూడు తీగలు సడలించండి. లావుగా ఉండే ఆరో తీగనీ, సన్నగా ఉండే మొదటి తీగనీ ఇ నుంచి డికి, అయిదో తీగని ఎ నుంచి జికి దించండి. ఒక్కొక్కటీ రెండేసి మెట్లు కిందికి, అంతే. ఏ వేలూ ఆనించకుండా మీటితే ప స ప స గ ప అని నిండుగా పలుకుతుంది. అయిదో మెట్టు మీద ఒక్క వేలు అడ్డంగా పెడితే మధ్యమం మీది కార్డు, ఏడో మెట్టు మీద పెడితే పంచమం మీది కార్డు. వేలు పరచడం ఇక్కడా తప్పదు గానీ, మొదటి మెట్టు మీద పడినంత కష్టం పైమెట్ల మీద ఉండదు. మిగతా వేళ్ళకి పనే లేదు. దీన్ని ఓపెన్ జి అంటారు. సడలించడమే గనక తీగ తెగుతుందన్న భయం కూడా లేదు.

నాకు గిటారు రాదు. వీణ మాత్రం చిన్నప్పుడు కొంత నేర్చుకున్నాను. ఆ చెవితోనే దసరా సెలవుల్లో ఆ పిల్ల చేత బిరడలు తిప్పించాను. పాటంతా ఇంకా రాలేదు గానీ, గిటారు మళ్ళీ బీరువా ఎక్కలేదు.

ఇదేదో తిరుమలాయపాలెంలో పుట్టిన విడ్డూరం కాదు. 1830ల ప్రాంతంలో హవాయి దీవులకి పశువుల్ని మేపడం నేర్పడానికి మెక్సికో కాపరులు వెళ్ళారు. వాళ్ళతో గిటారు వెళ్ళింది. హవాయి వాళ్ళు వాళ్ళ పాటలకి తగ్గట్టు తీగల్ని సడలించుకున్నారు. ఆ పద్ధతికి వాళ్ళ భాషలో పేరే 'బిరడ వదులు చేయడం'. ఒక్కో కుటుంబం తమ శ్రుతిని, మనం ఆవకాయ పాళ్ళు దాచుకున్నట్టు, బయటివాళ్ళకి చెప్పకుండా దాచుకునేదట! కెనడా గాయని జోనీ మిచెల్ సంగతి మరీ చిత్రం. 1943లో పుట్టింది. తొమ్మిదో ఏట పోలియో వచ్చి ఎడమచెయ్యి బలహీనపడింది. మామూలు శ్రుతిలో కార్డులు పట్టడం కష్టమైతే తీగల్నే చేతికి తగ్గట్టు మార్చుకుంది. ఆమె వాడిన శ్రుతులు యాభై దాకా ఉంటాయంటారు. ఆమెకూ మన సారు లాంటివాడే దొరికి, ఆమె ఆయన మాట విని ఉంటే?

విదేశాల దాకా ఎందుకు? వయొలిన్ మనది కాదు. పాశ్చాత్యులు దాన్ని జి, డి, ఎ, ఇ అని శ్రుతి చేసి, నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. 1786లో పుట్టిన బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారని చెబుతారు. మనవాళ్ళు దాన్ని స ప స ప అని మార్చి, నేల మీద కూర్చోబెట్టారు. విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893-1964) వాయించింది ఆ మార్చుకున్న శ్రుతిలోనే. దాన్ని తప్పన్న తెలుగువాడు ఉన్నాడా? పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశాడు? జంటజంటగా ఎనిమిది తీగలుండే మాండలిన్ మీద గమకం పలకదంటే, ఒంటి తీగలు అయిదు పెట్టి ఎలక్ట్రిక్ మాండలిన్ మీద పలికించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. వాద్యం ఓడని గుర్తించాడు గనకే గమకం పలికింది.

మా ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళని చూడండి. కొట్టబోయే ముందు గుప్పెడు గడ్డి అంటించి డప్పుకి సెగ చూపిస్తారు. చర్మం బిగిసి ఖంగుమంటుంది. వాళ్ళనెవరూ చేతకాక డప్పునంటున్నారని అనరు. పాట కచేరీల్లో నాదనామక్రియ, పున్నాగవరాళి వంటి రాగాలకి మధ్యమ శ్రుతి పెట్టుకోవడం పెద్దలెరిగిన సంగతే. మన నేలకొండపల్లి గోపన్న, అదే మన భద్రాచల రామదాసు, కీర్తనలు పాడేవాళ్ళని అడగండి, చెబుతారు.

మన సంగీతంలో షడ్జమానికి ఒక ఊరంటూ లేదు. ఎవరి గొంతు ఎక్కడ హాయిగా నిలిస్తే అక్కడే దాని ఇల్లు. మగవాళ్ళు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడితే, ఆడవాళ్ళు అయిదు, అయిదున్నరలో పాడతారు. ఇంత మంచి ఏర్పాటు చేతిలో పెట్టుకుని కూడా పెళ్ళిలోనో, బడి ప్రార్థనలోనో హార్మోనియం ఒకటిన్నరకి పట్టి 'పాడమ్మా' అంటారు. గొంతు అంత కిందికి దిగక అణిగిపోతే 'పిల్లకి గొంతు లేదండీ' అని తీర్పు చెబుతారు. గొంతు లేకపోవడం కాదండీ, మీరు చోటివ్వలేదు.

మరి అవతలివాళ్ళ వాదన కూడా వినాలి గదా. పరీక్షలన్నీ మామూలు శ్రుతిలోనే ఉంటాయంటారు. నిజమే. పరీక్షకి అదీ నేర్చుకోమనండి. రెండు భాషలు మాట్లాడే పిల్లలకి రెండు శ్రుతులు బరువా? అందరూ తలో శ్రుతి పెట్టుకుంటే కలిసి వాయించేదెలా అంటారు. అందరికీ షడ్జమం ఒకటైతే చాలు, తీగలు ఎవరివి ఎలా ఉన్నా మేళం కలుస్తుంది. ఇది బద్ధకస్తుల అడ్డదారి అంటారు. ఇది మాత్రం ఒప్పుకోను. దించిన మూడు తీగల మీదా ప్రతి స్వరమూ రెండు మెట్లు జరుగుతుంది. అంతకుముందు కంఠతా పట్టిన వేళ్ళ అమరికలు పనికిరావు, మళ్ళీ వెతుక్కోవాలి. బద్ధకస్తులు చేసే పనేనా ఇది?

పైగా చెవి పనిచేస్తుంది. ఇవాళ పిల్లలు ఫోను ముందు పెట్టుకుని, ఆకుపచ్చ గుర్తు పడగానే శ్రుతి కలిసిందంటున్నారు. కలిసినట్టు ఫోనుకి తెలిసింది గానీ వాళ్ళకి తెలియలేదు. ఓపెన్ జికి ఫోనే అక్కర్లేదు. నాలుగో తీగ మీటి, ఆరో తీగని దానికి కింది స్థాయిలో, మొదటి తీగని పై స్థాయిలో కలపాలి. మూడో తీగ మీటి, అయిదోదాన్ని దానికి కింది స్థాయిలో కలపాలి. తీగకి తీగే సాక్ష్యం. రెండూ ఒకటై గుంయ్యిమన్న క్షణంలో పిల్ల మొహం చూడండి!

కనక అమ్మల్లారా, ఫీజు కట్టేది మీరు. బస్సు చార్జీలిచ్చేది మీరు. నేర్పేవాళ్ళని ఒక్క మాట అడగండి: మా పిల్ల చేతికి తగ్గట్టు శ్రుతి మార్చి నేర్పుతారా? మర్యాదగానే అడగండి. నేర్పుతామంటే సంతోషం. ఆడలేక మద్దెల ఓడంటోందనే జవాబొస్తే, ఆ మద్దెలని ఓసారి మీరే తట్టి చూడండి. పిల్ల చేతులు పెరగడానికి ఏళ్ళు పడుతుంది. బిరడ తిరగడానికి అర నిమిషం పడుతుంది. ఏది ముందు మారాలో చెప్పడానికి సంగీత పండితులు కావాలా?

శ్రుతి మించి రాగాన పడిందంటారు గానీ, శ్రుతి దించినందుకు ఇంతవరకూ ఏ కొంపా మునగలేదు.