కొలెస్ట్రాల్ పేరుతో కొత్త మడి

మడి కట్టుకోడానికి ఇన్నాళ్ళూ వాళ్ళకి శాస్త్రాలు సరిపోయినయ్. ఇప్పుడు సైన్సు కూడా కావాల్సొచ్చింది.

2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం బీదర్, రాయచూరు, యాదగిరి వంటి ఏడు జిల్లాల బడుల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టటం మొదలుపెట్టింది. కొందరు మఠాధిపతులు లేచి కూడదన్నారు. గుడ్డు ముట్టని ఇళ్ళ పిల్లలకి ఇబ్బందట! ఖాళీ కడుపుతో బడికొచ్చే పిల్లల ఇబ్బంది వాళ్ళకి పట్టలేదు. మఠాల మాట చెల్లకపోయేసరికి మరుసటి ఏడే అదే మాట తెల్లకోటు తొడుక్కుని వచ్చింది. జాతీయ విద్యా విధానం కోసం ఆ రాష్ట్రంలో వేసిన కమిటీల్లో ఒకటి 2022లో ఆరోగ్యం మీద పత్రం రాసిచ్చింది. భారతీయుల ఒళ్ళు చిన్నవి, గుడ్డూ మాంసమూ తరచుగా తింటే వాటి కొలెస్ట్రాల్ వల్ల జబ్బులొస్తాయి, కాబట్టి బడి భోజనంలో గుడ్డు వద్దు. ఇదీ దాని సారాంశం.

గుడ్డు ఆగలేదు. 2024లో అక్కడ వారానికి ఆరు రోజులకు పెరిగింది. వద్దన్న పిల్లలకి అరటిపండు ఇస్తున్నారు. ఎవరి నోటి దగ్గర కూడు ఎవరు లాక్కున్నట్టు? అయినా ఆ వాదన చావలేదు. "మీవాళ్ళు ఆ మాంసాలు తింటారు గనకే గుండెపోట్లు" అనేవాళ్ళు మన మండలాల్లోనూ ఉన్నారు. తిట్టి ఊరుకుంటే చాలదు, లెక్కలు తెలుసుకుని నోరు విప్పాలి.

కొలెస్ట్రాల్ అంటే మైనం లాంటి పదార్థం. విషమేం కాదు. అది లేకపోతే ఒంట్లో కణానికి గోడ నిలవదు, కొన్ని హార్మోన్లు తయారుకావు. ఒంటికి కావాల్సిన దాంట్లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారుచేసుకుంటుంది. రక్తంలో దాన్ని మోసే బండ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఎల్‌డీఎల్ ఎక్కువైతే కొవ్వు రక్తనాళాల గోడల్లో పేరుకుని దారి ఇరుకవుతుంది. హెచ్‌డీఎల్ మిగులు కొవ్వును తిరిగి కాలేయానికి చేరుస్తుంది. ఎల్‌డీఎల్‌ని పెంచటంలో తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వుది పెద్ద చెయ్యి. నెయ్యి, వెన్న, మాంసం మీది తెల్లకొవ్వు, కొబ్బరినూనె, పామాయిలు - చలికి పేరుకునే ఈ కొవ్వుల్లో అది ఎక్కువ. రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మించకూడదని అమెరికాలో చాలాకాలం ఉన్న హద్దును 2015లో అక్కడి ఆహార సలహాల్లోంచి తీసేశారు.

ఇప్పుడు గుడ్డును చూడండి. పచ్చసొనలో కొలెస్ట్రాల్ 180 మిల్లీగ్రాముల పైనే ఉంది, నిజమే. సంతృప్త కొవ్వు మాత్రం ఒకటిన్నర గ్రాము. మాంసకృత్తులు 6 గ్రాములు. పెద్ద చెంచాడు నెయ్యిలో, అంటే 15 గ్రాముల్లో, సంతృప్త కొవ్వు 9 గ్రాముల దాకా ఉంటుంది. ఐదు గుడ్లలో ఉన్నదానికన్నా ఎక్కువ! పప్పులో నెయ్యి తగ్గించండని ఏ మఠమైనా నోరు తెరిచిందా?

నెయ్యేమీ చెట్టుకి కాసింది కాదు. అదీ పశువు కొవ్వే, అందులోనూ కొలెస్ట్రాల్ ఉంది. పశువు పొదుగులోంచి వచ్చిన కొవ్వు హోమానికి పనికొస్తుంది. అదే పశువు కండ మన దాకలో ఉడికితే ఊరు మైలపడుతుంది. కొవ్వు తీసేసిన బర్రె మాంసంలో మిగిలే కొవ్వు చాలా తక్కువ. మన అమ్మలు దండేనికి వేలాడదీసి ఎండబెట్టిన తునకల్లో ఉండేది చాలావరకు కండే.

శాకాహారమైతే చాలు గుండెకి దిగులు లేదనేవాళ్ళు డాల్డా సంగతి ఎత్తరు. అది నూటికి నూరుపాళ్ళూ శాకాహారం. నూనెకి హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టించేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది, హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది. రెండువైపులా దెబ్బ. ఏళ్ళ తరబడి మిఠాయి కొట్లలో, బేకరీల్లో, పెళ్ళి వంటల్లో అదే పోశారు. నూనెల్లో కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2022 జనవరికి గానీ అమల్లోకి రాలేదు.

ఇంత చెప్పి, మనం ఏం తిన్నా ఫర్వాలేదని నేననటం లేదు. బ్రిటన్‌లో 48,000 మందిని 18 ఏళ్ళపాటు గమనించి 2019లో అచ్చేసిన లెక్క ఉంది. మాంసం తినేవాళ్ళకంటే శాకాహారులకి గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం 20 శాతం ఎక్కువ. మొదటి సగమే చదివి వినిపించేవాళ్ళని రెండో సగం కూడా చదవమనండి. మనం కూడా రెండూ చదవాలి. ఎందుకంటే చస్తున్నది మనవాళ్ళు కూడా. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో 2003-04లో ఏడాదిపాటు చావుల లెక్క తీస్తే, నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. గుండెపోటు డబ్బున్నోళ్ళ జబ్బు అనే మాట అప్పటికే పాతబడింది.

52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ పోల్చి 2004లో అచ్చేసిన ఇంటర్‌హార్ట్ పరిశోధన తొమ్మిది అంశాలను లెక్కగట్టింది. ముందు వరసలో ఉన్నవి రక్తంలో కొవ్వుల తేడా, పొగాకు. షుగరు, బీపీ, పొట్ట చుట్టూ కొవ్వు, మనసు మీద ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ రోజూ తినకపోవటం కూడా ఉన్నయ్. మాంసం అనే పేరు ఆ తొమ్మిదిలో విడిగా లేదు. మా పేటలో ఒకాయనకి ఛాతీలో నొప్పొస్తే పట్నం ఆస్పత్రికి తోడు వెళ్ళాను. డాక్టరు మొట్టమొదట అడిగింది "పెద్దమాంసం తింటావా" అని! ఆయన చొక్కా జేబులో బీడీ కట్ట పైకే కనబడుతోంది. దాని సంగతి అడగలేదు. ఇక ఒత్తిడి అంటారా, ఆ పరిశోధకులు పని, ఇల్లు, డబ్బు ఇబ్బందుల గురించి అడిగారు. వెలివేత, ఎగ్గొట్టిన కూలి, టీ కొట్లో వేరే గ్లాసు కూడా అడిగి ఉంటే ఎంత తేలేదో!

మన కంచంలో బాగా మారింది గింజ. మన తాతలు జొన్నన్నం, రాగిసంకటి, సజ్జరొట్టె తిన్నారు. మాంసం దొరికిననాడు తిన్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి కడుపు నింపింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, ఆకలి ఎరిగినవాడెవడూ మాట్లాడడు. కానీ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మూడుపూటలా కుంభం లాగించి, పక్కన గరిటెడు కూరా పచ్చడి ముద్దా అయితే ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పెరుగుతుంది, హెచ్‌డీఎల్ తగ్గుతుంది. పచ్చళ్ళ ఉప్పూ ఎండుచేపల ఉప్పూ బీపీని లేపుతాయి. జొన్న చేలేమో పత్తికీ మిరపకీ పోయినయ్. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన సంకటిని చూసి ముక్కు మూసుకున్నవాళ్ళే ఇప్పుడు అదే గింజని పాకెట్టు కట్టి మనం కొనలేని ధరకి అమ్ముతున్నారు. నాకైతే కోపం కన్నా నవ్వే ఎక్కువొస్తుంది.

కార్యకర్తలు పేటల్లో మీటింగు పెట్టినప్పుడు ఈ సంగతులు చెప్పాలి. మాంసం తినండి, కొవ్వు ముక్క తీసేసి తినండి. వేపుడు కన్నా గోంగూరతోనో చింతచిగురుతోనో ఉడికించుకోండి. మరిగిన నూనె మళ్ళీ మళ్ళీ మరిగించొద్దు. బీడీ, చుట్ట, గుట్కా మానటం అన్నిటికన్నా ముందు. నలభై దాటినవాళ్ళు ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు చూపించుకుని రక్తంలో కొవ్వు పరీక్ష కూడా అడగండి. మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు - నాలుగు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. డాక్టరు మందు రాస్తే, మాంసం మానేశాం గదా అని మందు ఆపొద్దు.

బడి కమిటీల్లో మన తల్లులున్నారు. సమావేశానికి వెళ్ళండమ్మా. పప్పు ప్రాథమిక తరగతుల పిల్లకి 20 గ్రాములు, ఆపై తరగతుల పిల్లకి 30 గ్రాములు పడాలని నిబంధన. అంత పడుతోందా? ఏ నూనెతో వండుతున్నారు? గుడ్డు ఇవ్వాల్సిన రోజున గుడ్డు వచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదు? అడిగింది అడిగినట్టు రిజిస్టరులో రాయించి, కింద సంతకం పెట్టి రండి.