కంబం మీది ఇంటర్నెట్‌కు దిక్కెవరు?

కరెంటు తీగ ప్రతి ఇంటికీ ఉండగా, ఇంటర్నెట్‌ను అందులోనే పంపితే సరిపోదా అని కోడుమూరులో నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రశ్న తెలివైనదే. ఇంగ్లండ్‌లో నోర్వెబ్ అనే విద్యుత్ సంస్థ నార్టెల్ కంపెనీతో కలిసి మాంచెస్టర్‌లో ఆ ప్రయత్నం చేసి 1999లో చేతులెత్తేసింది. అమెరికాలోని మనాసస్ పట్టణం 2005లో ఊరంతా అలాగే నెట్ ఇచ్చి 2010లో ఆపేసింది.

ఎందుకంటే, కరెంటు సెకనుకు 50 సార్లు ఊగితే, నెట్ సంకేతం లక్షల సార్లు ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని సరిగా దాటనివ్వదు. దాటించాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌కొక పరికరం బిగించాలి. మన పొలాల్లో చాలాచోట్ల రెండు మూడు మోటార్లకే ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఆ లెక్కన ఎన్ని పరికరాలు కావాలో ఊహించుకోండి! పైగా ఒట్టి తీగే ఏరియల్ అయి చుట్టుపక్కల రేడియోలను గరగరలాడిస్తుంది.

అలాగని కరెంటు తీగకు మాటలు మోయడం చేతకాదనుకోవద్దు. విద్యుత్ శాఖ దశాబ్దాలపాటు హైటెన్షన్ లైన్ల మీదే సబ్‌స్టేషన్ల మధ్య ఫోన్లు మాట్లాడుకుంది. పెద్ద సబ్‌స్టేషన్‌లో లైను దిగేచోట పీపాలాంటి తీగచుట్ట వేలాడుతుంటుంది. దాని పేరు వేవ్ ట్రాప్. అది కరెంటును లోపలికి వదిలి, మాటల సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఆ సంకేతం పక్కనున్న పరికరాల్లోకి మళ్లుతుంది. నాలుగు మాటలకు ఆ దారి చాలు, ఊరంతా సినిమాలు చూడటానికి చాలదు.

అందుకే మన రాష్ట్రం తీగను వదిలి కంబాన్ని పట్టుకుంది. 2015లో పుట్టిన ఏపీ ఫైబర్‌నెట్, నేల తవ్వే ఖర్చు లేకుండా కరెంటు కంబాల మీదుగా ఫైబర్ లాగింది. దాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ ఇస్తామన్నారు. ఫైబర్ అనే గాజుపోగులో సాగేది వెలుగు కాబట్టి పక్కనే 11 కేవీ లైనున్నా దానికి అడ్డు కాదు.

చిక్కల్లా కంబం ఒకరిది, కేబుల్ ఇంకొకరిది, ఇంటికి కనెక్షన్ ఇచ్చే ఆపరేటర్ మరొకరు కావడమే. గాలివానకు కంబం ఒరిగితే లైన్‌మన్ కొత్తది నాటి, కరెంటు ఇచ్చి వెళ్తాడు. ఆయన పని అంతవరకే. తెగిన ఫైబర్‌ను అతికించడానికి వేరే మనిషి, వేరే యంత్రం రావాలి. అంతవరకూ చీర డిజైను ఫోన్‌లో పంపాల్సిన నేతగాడికీ, ఉల్లి ధర చూసుకోవాల్సిన రైతుకూ ఎదురుచూపులే.

నేను అడిగేది కొత్త టెక్నాలజీ కాదు. కంబం మార్చే ఉత్తర్వులోనే ఫైబర్ ఎక్కించే పనినీ చేర్చండి. కరెంటు పోతే 1912కు ఫోన్ చేస్తున్నాం. కంబం మీది కేబుల్ తెగినా అదే నంబరు ఫిర్యాదు తీసుకోవాలి. విద్యుత్ సంస్థ, ఫైబర్‌నెట్ రెండూ సర్కారువే. ఈ పని చేయడానికి ఒక్క సంతకం చాలు.

— హంద్రీవాసి