ఎండకు గాదె కట్టాలి

పంట పండించడం ఒక విద్య. పండినదానిని గాదెలో పోసి మరుసటి పంట వరకు కాపాడుకోవడం మరొక విద్య. సౌరవిద్యుత్తు విషయంలో ప్రపంచం మొదటి విద్యలో ఆరితేరింది గాని, రెండవదానిలో ఇంకా వెనుకబడియే ఉన్నది. ఈ లోటును పూరించనిదే సౌరశక్తిపై మనం పెట్టుకొన్న ఆశలు సంపూర్ణంగా ఫలించవని నా అభిప్రాయం.

విద్యుత్తు పుట్టిన క్షణంలోనే ఖర్చు కావాలి. బొగ్గు కేంద్రంలో అవసరాన్నిబట్టి మంటను హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. సూర్యుని అట్లా శాసించలేము. కాలిఫోర్నియాలో వసంతకాలపు మధ్యాహ్నాలలో సౌరవిద్యుత్తు అవసరాన్ని మించి, కొంత వాడుకోకుండానే వదలివేయవలసి వస్తున్నది. ప్రొద్దు గ్రుంకేసరికి ఇండ్లలో దీపాలు, వంట, ఏర్ కండిషనర్లు ఒక్కసారిగా విద్యుత్తును కోరుతాయి. మొత్తం వాడకంలోనుండి సౌర, పవన విద్యుత్తులను తీసివేసి, మిగిలిన అవసరాన్ని గంటగంటకూ గ్రాఫు మీద గీస్తే ఆ రేఖ బాతువలె కనిపిస్తుంది. దాని పొట్టను పైకి లేపి, మెడను క్రిందికి దించడమే నిల్వ చేయవలసిన పని.

ఆ రాష్ట్రంలో బ్యాటరీల సామర్థ్యం 2024 ఏప్రిల్ నాటికే 10,000 మెగావాట్లు దాటింది. ఇది ప్రశంసనీయమైన కృషి. బ్యాటరీ క్షణంలో స్పందిస్తుంది. పుచ్చుకొన్నదానిలో నూటికి సుమారు 85 పాళ్ళు తిరిగి ఇస్తుంది. అయితే వీటిలో అధికభాగం నిండు సామర్థ్యంతో నాలుగు గంటలు మాత్రమే పనిచేసేవి. 2025 జనవరిలో మాస్ లాండింగ్ బ్యాటరీ కేంద్రం తగలబడినప్పుడు చుట్టుప్రక్కల వెయ్యిమందికి పైగా ఇండ్లు విడువవలసి వచ్చింది. అందువల్ల బ్యాటరీలే వద్దనడం తొందరపాటు. భారమంతా వాటిమీదనే మోపడమూ వివేకం అనిపించుకోదు.

ఇక నీటి సంగతి. గుట్టమీద ఒక జలాశయం, దిగువను మరొకటి. విద్యుత్తు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, కొరత వేళ క్రిందికి విడిచి టర్బైన్లు త్రిప్పడం. పద్ధతి పాతదే. వర్జీనియాలోని బాత్ కౌంటీ కేంద్రం 3,003 మెగావాట్ల సామర్థ్యంతో 1985 నుండి ఈ పని చేస్తూనే ఉన్నది. లెక్క కూడ సులభమే. ఒక టన్ను నీటిని 100 మీటర్లు ఎత్తితే దానిలో నిలిచే శక్తి పావు యూనిట్ కంటె కొంచెం ఎక్కువ. ఒక టి.ఎం.సి. నీరు అంత ఎత్తునుండి దిగితే, నష్టాలు పోను, దాదాపు 70 లక్షల యూనిట్లు వస్తాయి. అంటే 1,000 మెగావాట్లు సుమారు ఏడు గంటలసేపు. ఎత్తు రెట్టింపైతే సగం నీరే చాలును.

నాలుగు యూనిట్లతో తోడితే మూడే తిరిగి వస్తాయి గదా, ఇది నష్టం కాదా అని కొందరు అడుగుతారు. మధ్యాహ్నం వృథాగా వదలివేసే నాలుగింటిలో రాత్రికి మూడు దక్కడాన్ని లాభమనే చెప్పాలి.

తెలుగునాట ఈ విద్య క్రొత్తది కాదు. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల యంత్రాలు ఏడు, శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు, నీటిని వెనుకకు తోడగలవే. కాని సాగర్‌లో యంత్రాలు అమర్చిన దశాబ్దాల తరువాత గాని, తోడవలసిన నీటిని నిలిపే దిగువ ఆనకట్ట రాలేదు. పైగా నదిమీది జలాశయానికి సాగునీరు, త్రాగునీరు, 2014 తరువాత రెండు రాష్ట్రాల వాటాల తగవు కూడ ముడిపడి ఉన్నవి. అందుచేత నదికి దూరంగా, ఒకసారి నింపిన నీటినే మళ్ళీమళ్ళీ త్రిప్పే పథకాలే మనకు మేలు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లతో రూపొందించిన పథకం ఇట్టిదే.

అయితే షరతులు లేకపోలేదు. మిషిగన్ సరస్సు ఒడ్డున 1973లో ఆరంభమైన లడింగ్టన్ కేంద్రం చేపలను విస్తారంగా బలిగొన్నది. వివాదం కోర్టుకెక్కింది, 1989లో దాదాపు రెండున్నర మైళ్ళ వల కట్టవలసి వచ్చింది. ముందే ఆలోచించి ఉంటే తప్పే ఖర్చు అది. రాయలసీమ ఎండకు ఆవిరయ్యే నీరెంత, దానిని ఎక్కడినుండి తెచ్చి పూరిస్తారు, భూములిచ్చిన రైతులకు, మేతబీళ్ళు కోల్పోయిన పశుకాపరులకు దక్కినదేమి — ఈ లెక్కలు పునాదిరాయి వేయకముందే ప్రజల ఎదుట పెట్టాలి.

అట్లే, పగటి యూనిట్ ధరను మాత్రమే చూపి సౌరవిద్యుత్తు కారుచౌక అని చాటడం అర్ధసత్యం. రాత్రి ఎనిమిది గంటలకు పల్లెలో దీపం వెలిగించడానికి ఎంత అవుతుందో, నిల్వ ఖర్చు కలిపి చెప్పాలి. విదేశాలలో విద్యుత్ సంస్థలలో పనిచేస్తున్న మన ఇంజనీర్లు తమ అనుభవాన్ని స్వరాష్ట్రాలకు అందించదలిస్తే, యంత్రాల వివరాలతోపాటు ఈ లెక్క చెప్పే అలవాటునూ అందించాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. రాబోయే కాలపు దీపం వెలగాలంటే ఆ చక్కబెట్టుకోవడం ఎండ ఉండగానే జరగాలి.