గుట్టల బాట, సైకిలు, ఎడమ దవడ

ప్రశ్న: నా వయసు 52 సంవత్సరాలు. ప్రభుత్వోద్యోగిని. ఆరేళ్ళుగా మధుమేహం, రక్తపుపోటు ఉన్నాయి. మాత్రలు వాడుతున్నాను. బరువు తగ్గాలి, సైకిలు తొక్కమని మా డాక్టరుగారు చెప్పారు. ఊళ్ళో లారీల మధ్య, ఆటోల మధ్య తొక్కాలంటే భయం. మా అబ్బాయి వెడల్పు టైర్లున్న గేర్ల సైకిళ్ళు రెండు కొన్నాడు. ఈ చలికాలంలో నిర్మల్ దాటి, బండ్లు తిరగని గుట్టల్లోని మొరం బాటల మీద రోజంతా తొక్కుదామంటున్నాడు. మా ఆవిడకు ఇష్టం లేదు. నాకు మాత్రం ఆశగా ఉంది. వెళ్ళవచ్చునా? ఇంకొక సంగతి: ఈ మధ్య ఆఫీసులో రెండంతస్తుల మెట్లు ఎక్కితే ఎడమ దవడ లాగినట్లుంటోంది. కాసేపు నిలబడితే పోతుంది. పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు ఉత్తరం చివర రాసిన సంగతికే ముందుగా జవాబు చెప్పాలి. పంటినొప్పి నమిలినప్పుడు, చన్నీళ్ళు తాగినప్పుడు, రాత్రి పడుకున్నప్పుడు బాధిస్తుంది. దానికి మెట్లతో పనిలేదు. మెట్లెక్కితే వచ్చి, నిలబడితే పోయే నొప్పిని చూస్తే డాక్టరుకు మొదట గుర్తుకు వచ్చేది గుండె. గుండె కండరానికి రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. దవడ, మెడ, ఎడమ భుజం, పొట్ట పైభాగం – ఎక్కడైనా రావచ్చును. మధుమేహం ఉన్నవారిలో ఒక్కొక్కసారి నొప్పే తెలియక ఆయాసం మాత్రమే కనబడుతుంది.

మీది గుండె జబ్బేనని ఉత్తరం చూసి నేను తేల్చలేను. కాని కాదని తేలేవరకు అదేనని అనుకోవడం క్షేమం. పైగా ఈ మధ్యనే మొదలైందంటున్నారు గనుక ఇంకా తొందర అవసరం. రేపే డాక్టరు దగ్గరకు వెళ్ళి ఇ.సి.జి. తీయించుకోండి. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. శ్రమ చేసినప్పుడు గుండె ఎలా ఉంటుందో చూసే ట్రెడ్‌మిల్ పరీక్షో, మరొకటో అవసరమా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. అంతవరకు సైకిలు ఎక్కవద్దు, మెట్లు గబగబా ఎక్కవద్దు. కూర్చున్నప్పుడు కూడా దవడ లాగినా, ఆగినా అయిదారు నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయించండి.

ఇక సైకిలు సంగతి. డాక్టరు పరీక్షించి సరేనన్న తరువాత మాట ఇది. మీ ఆలోచనలో తప్పులేదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. సైకిలు అందుకు చక్కని సాధనం. బరువు సీటు మీద ఉంటుంది కనుక మోకాళ్ళకు భారం తక్కువ. లారీలు లేని బాట అయితే పొగ ఉండదు, హారన్లకు గుండె అదరదు.

అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, డాంబరు రోడ్డు మీద హాయిగా సాగిన వేగం మొరం మీద సాగదు. చక్రం నేలలో కూరుకుంటుంది, కంకర మీద జారుతుంది. ఎత్తు కూడా తోడైతే గుండె మీద పని చాలా పెరుగుతుంది. అందుచేత కిలోమీటర్లు లెక్కపెట్టవద్దు, నిమిషాలు లెక్కపెట్టండి. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలిగితే శ్రమ సరిగా ఉన్నట్లు. మాట తెగుతుంటే ఎక్కువైనట్లు. రక్తపుపోటుకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి అంతగా పెరగదు కనుక నాడి లెక్క కంటే ఈ మాటల పరీక్షే నమ్మదగినది.

రెండవది, లారీలు రాని చోటికి సాయం కూడా త్వరగా రాదు. నిర్మల్–ఆదిలాబాద్ పెద్దరోడ్డు మీద పడిపోతే ఎవరైనా ఆగుతారు. లోపలి గుట్టల్లో ఫోన్ కూడా పలకని చోట్లుంటాయి. ఒంటరిగా వెళ్ళరాదు. ఏ బాటన పోతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

సాధన ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. శ్రీరాంసాగర్ నుండి 146 కిలోమీటర్లు పారి కాకతీయ కాలువ మీ ఊరి దిగువ మానేరు జలాశయానికి చేరుతుంది. అటువైపు చదునైన మట్టిబాటలు చాలు. కాలువ కట్ట మీద తొక్కితే నీటి అంచుకు దూరంగా ఉండండి. మొదటివారం రోజుకు 20 నిమిషాలు, తరువాత వారానికి అయిదేసి నిమిషాలు పెంచండి. గంటసేపు ఆయాసం లేకుండా తొక్కగలిగాకే గుట్ట. కేస్లాపూర్ నాగోబా జాతరకు గోదావరి జలం తెచ్చే మెస్రం వంశస్థులు అడవులు, గుట్టలు దాటి కాలినడకన వెళ్ళి వస్తారు. మధ్యమధ్య మజిలీలు చేస్తారు, పరుగులు తీయరు. గుట్ట ఎక్కే పద్ధతి అదే. ఎత్తు గట్టిదైతే దిగి నెట్టుకుపోవడం నామోషీ కాదు.

దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టవద్దు. కంకర మీద సైకిలు విసిరేస్తుంది. రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టి వదలండి. తలకు హెల్మెట్ తప్పనిసరి. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండేటట్లు సీటు ఎత్తు పెట్టించండి. చిటికెన వేలు తిమ్మిరెక్కితే చేతుల మీద బరువెక్కువైనట్లు.

మధుమేహానికి గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారికి శ్రమలో చక్కెర పడిపోవచ్చును. మాత్రల మోతాదు, తిండివేళలు ముందే డాక్టరును అడగండి. చేతులు వణికి, చెమట పట్టి, ఆకలి వేస్తే వెంటనే ఆగి మూడు చెంచాల చక్కెర తినండి. పావుగంట కూర్చోండి. తగ్గకపోతే మళ్ళీ తినండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. ఇంటికి రాగానే పాదాలు, వేళ్ళ సందులు చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు.

ఆదిలాబాద్ చలి సామాన్యమైనది కాదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగే రోజులుంటాయి. చలికి రక్తనాళాలు బిగుస్తాయి. తెల్లవారుజామునే బయలుదేరక ఎండ పొడిచాక, కొంతసేపు నడిచిన తరువాత సైకిలెక్కండి. కవ్వాల్ అడవి 2012 నుండి పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే లోపలికి పోరాదు. చీకటి పడకముందే బయటికి రావాలి. తిరిగి వచ్చాక కొన్నాళ్ళకు చలిజ్వరం వస్తే మలేరియాకు రక్తపరీక్ష చేయించుకోండి.

మీ ఆవిడ వద్దంటున్నారని రాశారు. దవడ సంగతి ఆమెకు చెప్పారో లేదో రాయలేదు. ఈ రాత్రే చెప్పండి. రేపు ఆస్పత్రికి ఆమెను వెంటబెట్టుకు వెళ్ళండి. గుట్టలు ఎక్కడికీ పోవు.