సైకిలిచ్చారు, దారేదీ?

సర్కారు బడిలో ప్లస్ వన్ చదివేటప్పుడు నాకూ ఉచిత సైకిలిచ్చారు. ఇప్పుడది మెట్ల కింద తుప్పు పడుతోంది. కాలేజీ నాలుగు కిలోమీటర్లే, అయినా అమ్మ పంపదు. "బస్సుల మధ్యనా?" అంటుంది. తప్పు అమ్మది కాదు.

నడిచేవాళ్లకీ, సైకిలు తొక్కేవాళ్లకీ ముందు చోటివ్వాలని చెన్నై కార్పొరేషన్ 2014లోనే విధానం రాసుకుంది. మా రోడ్డులో మాత్రం ఎడమ అంచునంతా ఆగిన కార్లే. వాటిని దాటాలంటే బస్సుకి అడ్డం పోవాల్సిందే. గీత గీస్తే చాలదు, గీత మీదే కారు ఆపేస్తారు. మధ్యలో గట్టు కట్టాలి.

అందాకా లోపలి వీధుల్లోంచి వస్తానంటే అమ్మ సగం ఒప్పుకుంది. కానీ ఇక్కడ సైకిలు ఎక్కడ పెట్టను? స్కూటీల షెడ్డులో ఒక వరస, గొలుసు వేసుకోవడానికి ఒక ఇనుపకమ్మీ, అంతే కదా! ప్రిన్సిపల్ గారికి అర్జీ రాశాను. సంతకాలకి మీ దగ్గరికొస్తా.