మైదానం దాటాలంటే ఊరుండాలి

కాన్సాస్ రాష్ట్రం మీదుగా విమానంలో వెళ్లేవారు కిటికీ తెర దించేసుకుంటారు. కారులో వెళ్లేవారు ఒక్క పగటిలో దాటేసి, చూడ్డానికి అక్కడేమీ లేదని తేల్చేస్తారు. సైకిళ్ల మీద వెళ్లే దంపతులకు మాత్రం అది వారం, పది రోజుల కాపురం. తూర్పు సరిహద్దు నుంచి పడమటి సరిహద్దుకు 640 కిలోమీటర్లకు పైనే. దారి పొడవునా గోధుమ, జొన్న చేలు, పశువుల బీళ్లు. తలెత్తితే అంతులేని ఆకాశం. అమెరికా నడిమధ్యనున్న ఈ ప్రెయరీ మైదానాలను దాటడానికి కండబలం, మంచి సైకిల్ ఉంటే చాలని బయలుదేరేముందు అనుకుంటారు. రెండు రోజులు తిరిగేసరికి అసలు అవసరం తెలిసివస్తుంది. దారిలో ఊళ్లుండాలి. ఆ ఊళ్లే ఇప్పుడు చిక్కిపోతున్నాయి.

ఈ దారి పుట్టిందే దంపతుల చేతుల మీదుగా. 1972లో గ్రెగ్, జూన్ సైపుల్ దంపతులు, డాన్, లిస్ బర్డెన్ దంపతులు అలాస్కాలో సైకిళ్లెక్కి దక్షిణ అమెరికా చివరికంటా పోవాలని బయలుదేరారు. మరుసటి ఏడాది మెక్సికోలో ఉండగా ఒక ఆలోచన తట్టింది. 1976లో అమెరికా స్వాతంత్య్రానికి 200 ఏళ్లు నిండుతాయి. ఆ వేసవిలో వేల మందిని ఒక సముద్రతీరం నుంచి రెండో తీరానికి సైకిళ్లపై నడిపిస్తే? ద్విశతాబ్ది అనే ఇంగ్లిష్ మాటకు సైకిల్‌ను అతికించి ‘బైక్‌సెంటెనియల్’ అని పేరు పెట్టింది జూన్. డాన్‌కు హెపటైటిస్ సోకడంతో బర్డెన్ దంపతులు మెక్సికోలోనే యాత్ర విరమించి, మోంటానాలోని మిజులాలో ఏర్పాట్లకు దిగారు. సైపుల్ దంపతులు 1975లో ఖండం కొసకు చేరి, ఆ తర్వాత వారితో కలిశారు.

1976 వేసవిలో దాదాపు 4,100 మంది ఈ దారి పట్టారు. ఒరెగాన్‌లోని ఆస్టోరియాకూ వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కూ మధ్య, 10 రాష్ట్రాల మీదుగా సాగే సుమారు 6,800 కిలోమీటర్లను దాదాపు 2,000 మంది పూర్తిగా తొక్కారు. ఆ సంస్థ తర్వాత అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్‌గా పేరు మార్చుకుంది. ట్రాన్స్‌అమెరికా ట్రెయిల్‌గా స్థిరపడిన ఆ దారికి 2026తో 50 ఏళ్లు. నేటికీ వేసవి వస్తే జంటలు ఆ దారిన కనిపిస్తూనే ఉంటాయి. పెళ్లయిన కొత్తలో వెళ్లేవారుంటారు, పదవీ విరమణ చేసి వెళ్లేవారూ ఉంటారు.

కొత్తవారిని మొదట మోసం చేసేది నేల. చదునుగా కనిపించే కాన్సాస్ నిజానికి పడమరకు వాలుగా లేస్తుంది. తూర్పున సముద్రమట్టానికి 700 అడుగుల ఎత్తు, పడమటి అంచున 4,000 అడుగులు. కంటికి తెలియని ఈ ఎక్కుడు మోకాళ్లకు తెలుస్తుంది. రెండో మోసం గాలిది. ఇక్కడ గాలి ఎప్పుడూ పడమటి నుంచే వీస్తుందని, తూర్పుకు పోతే అదే తోసుకుపోతుందని పాత నమ్మకం. వేసవిలో మాత్రం అక్కడ ఎక్కువగా వీచేది దక్షిణపు గాలి. ఎటు పోయినా పక్క నుంచి కొడుతూనే ఉంటుంది.

కాపురానికి పరీక్ష పెట్టేది కూడా ఆ గాలే. ముందు సైకిల్ గాలిని చీలుస్తుంటే, దాని వెనక చక్రానికి దగ్గరగా వెళ్లేవారికి శ్రమ బాగా తగ్గుతుంది. ఎవరు ముందుండాలి, ఎంతసేపు, వెనకబడ్డవారికోసం ఎక్కడ ఆగాలి అన్నవి గంటగంటకూ తేలాల్సిన విషయాలు. గాలి పక్క నుంచి వీచినప్పుడు ఆ ఆసరా వెనక్కి కాకుండా పక్కకు జరుగుతుంది. దాన్ని అందుకోవాలంటే ఇద్దరిలో ఒకరు రోడ్డు మధ్యకు జరగాలి. ధాన్యం లారీలు తిరిగే రోడ్డు మీద ఆ సాహసం కూడదు. అందుకే అలాంటి రోజుల్లో ఎవరి గాలిని వారే మోయాలి. అనుభవజ్ఞులు తెల్లవారకముందే బయలుదేరి, ఎండా గాలీ ముదిరే మధ్యాహ్నానికి ఏదో ఒక ఊరు చేరుకుంటారు. మెల్లగా వెళ్లేవారి వేగమే జంట వేగమని ఒప్పుకున్నవారి మధ్య గొడవలు తక్కువ.

ఆ ఊరు ఎలా కనబడుతుందన్నది ప్రెయరీలో ఒక ముచ్చట. ముందుగా ఆకాశం అంచున ఒక తెల్లటి గీత లేస్తుంది. అది ధాన్యం నిల్వచేసే కాంక్రీటు గోపురం. కనబడ్డాక కూడా దాన్ని చేరడానికి గంట పడుతుంది. ఈ ఊళ్లు యాదృచ్ఛికంగా వెలసినవి కావు. 19వ శతాబ్దంలో రైలు కంపెనీలు చాలాచోట్ల 10, 15 కిలోమీటర్లకు ఒకటి చొప్పున స్టేషన్లు పెట్టాయి. రైతు గుర్రపుబండిలో ధాన్యం తోలుకొచ్చి, అమ్ముకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్నది లెక్క. లారీలు వచ్చాక ఆ లెక్కకు కాలం చెల్లింది. పశ్చిమ కాన్సాస్‌లో ఈ దారి పట్టుకునే 96వ నంబరు రహదారిపై నెస్ సిటీ, డైటన్, స్కాట్ సిటీ, లియోటీ, ట్రిబ్యూన్ వరసగా వస్తాయి. ఒకదానికీ మరోదానికీ మధ్య 35 నుంచి 50 కిలోమీటర్లు. నీళ్ల సీసాలు నింపుకోవడానికి నమ్మదగిన చోటు ఆ మధ్యలో దొరకడం కష్టమే. తెలుగునాట ఏ రోడ్డు మీదైనా మైలుకో టీకొట్టు చూసే కళ్లకు ఇది ఊహకందని దూరం.

ఊరు చేరాక ఆ జంటకు దొరికేది హోటలే కానక్కర్లేదు. ఇక్కడి చిన్న పట్టణాలు చాలావాటిలో పురపాలక పార్కులో సైకిల్ యాత్రికులు గుడారం వేసుకోనిస్తారు. పోలీసులకో, షెరీఫ్ కార్యాలయానికో ఒక మాట చెబితే సరిపోతుంది. పక్కనే ఊరి ఈతకొలను, అందులో స్నానాల గదులు. వీధి చివర గ్రంథాలయం. కొన్నిచోట్ల చర్చివారు పడక గది తాళం ఇచ్చి వెళ్లిపోతారు. తిరిగొచ్చినవారు దీన్ని ప్రెయరీ ప్రజల మంచితనమంటారు. మంచితనం మాట వాస్తవమే. దాని వెనక పన్ను కట్టేవారూ ఉన్నారు. పార్కు గడ్డి కోసేది, కొలనులో నీళ్లు మార్చేది, గ్రంథాలయం తలుపు తెరిచేది కొన్ని వందల కుటుంబాల సొమ్ముతో.

ఆ కుటుంబాలు ఎన్ని మిగిలాయన్నదే ప్రశ్న. పడమటి సరిహద్దులోని గ్రీలీ కౌంటీ విస్తీర్ణం సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. 1960లో అక్కడ 2,000 పైచిలుకు జనం ఉండేవారు. 2020 జనగణనలో తేలింది 1,300లోపే. పోల్చిచూస్తే, 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ జిల్లాలో 2011 నాటికే 39 లక్షల మంది. రెండు పాలనలను పోషించే స్తోమత లేక, గ్రీలీ కౌంటీ, దాని కేంద్రమైన ట్రిబ్యూన్ పట్టణం 2009లో ఒకే ప్రభుత్వంగా కలిసిపోయాయి. కారణాలు తెలిసినవే. యంత్రాలు పెరిగాయి, కమతాలు పెద్దవయ్యాయి, మనుషుల అవసరం తగ్గింది. చదువుకున్న పిల్లలు నగరాలకు వెళ్లారు. కింద ఒగలాలా భూగర్భ జలాశయం మట్టం దశాబ్దాలుగా పడిపోతోంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఊరు పలచబడే కథ అనంతపురం పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు.

మైదానం ఖాళీ కావడం ఇదే మొదటిసారి కూడా కాదు. ట్రిబ్యూన్ దాటి కొలరాడోలోకి వెళ్తే అదే 96వ నంబరు రోడ్డు మీద చివింగ్టన్ అనే శిథిల గ్రామం వస్తుంది. అది కల్నల్ జాన్ చివింగ్టన్ పేరిట వెలసింది. 1864 నవంబర్ 29న అక్కడికి సమీపంలోని శాండ్ క్రీక్ వద్ద అతని సైనికులు షయాన్, అరాపహో తెగల శిబిరంపై పడి సుమారు 230 మందిని చంపారు. మృతుల్లో ఎక్కువ మంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. దానికి రెండేళ్ల ముందే, 1862లో, హోమ్‌స్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాలు ఇస్తానని వలసదారులను పిలిచింది. అలా మొదట ఉన్నవారిని తరిమి నింపిన నేల, నింపినవారి మునిమనవల కాలానికి మళ్లీ ఖాళీ అవుతోంది. హంతకుడి పేరు పెట్టుకున్న ఊరు కూడా నిలవలేదు.

ఈ దారిలో తెలుగువారు చూడగానే గుర్తుపట్టేది ఒకటుంది. టైర్లను తూట్లుపొడిచి యాత్రికులను ఏడిపించే ముల్లు మన పల్లేరుకాయే. వేరే ఖండం నుంచి వెళ్లి అక్కడ పాతుకుపోయిన మొక్క అది. కాన్సాస్ పేరు తెలుగు ఇళ్లలో మారుమోగింది మాత్రం వేరే కారణంగా. 2017 ఫిబ్రవరి 22న ఈ దారికి ఈశాన్యంగా ఉన్న ఓలేత్ నగరంలో, హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక వ్యక్తి దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. మిత్రుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. హంతకుడిని అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్లజాతి యువకుడికీ తూటా తగిలింది. శ్రీనివాస్ పనిచేసిన గార్మిన్ సంస్థ, సైకిల్ యాత్రికులకు దారి చూపే పరికరాలు తయారుచేస్తుంది. రాత్రి గుడారం వేసే ముందు షెరీఫ్‌కు ఒక మాట చెప్పడం కొందరికి మర్యాద. చర్మం రంగు వేరైనవారు ఆ మాట చెప్పేముందు ఒక్క క్షణం ఆలోచిస్తారు. కాన్సాస్ ఆతిథ్యాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అయినా ఏటా జంటలు వస్తూనే ఉన్నాయి. వారు ఒక పూట భోజనానికి, రెండు సీసాల పానీయానికి ఖర్చుపెట్టే డబ్బుతో ఏ పట్టణమూ బతికి బట్టకట్టదు. ఆ సంగతి ఊరివారికీ తెలుసు. తెలిసే పార్కులో కుళాయి తిప్పి ఉంచుతున్నారు. గ్రీలీ కౌంటీలో అడుగుపెట్టినప్పుడు గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి, అక్కడ కాలమండలం మారుతుంది కాబట్టి. జనాన్ని వెనక్కి తిప్పే ఉపాయం ఇంకా ఎవరికీ దొరకలేదు. రేపు ఒక ఊళ్లో ఈతకొలను మూతపడి, పక్క ఊళ్లో అంగడి తలుపు దించేస్తే, పటం మీద రోడ్డు అంతే ఉంటుంది. దాన్ని తొక్కే ఇద్దరికి మాత్రం తర్వాతి నీళ్లు 50 కిలోమీటర్లకు బదులు 100 కిలోమీటర్ల అవతల ఉంటాయి.