ఆ ఇంటికి మనం ఎప్పుడైనా వెళ్ళామా?

"అమ్మా, ఇగ ఆదివారం పొద్దున రాను. ప్రార్థనకు పోవాలె. పగటాల వచ్చి గిన్నెలు తోముత."

పదకొండేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఆమె ఈ మాట అన్నప్పుడు నేను సరేనన్నాను. వంటింట్లోంచి విన్న మా అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆమె వెళ్ళగానే, "ఏసు దేవుళ్లల్ల కలిసిందన్నట్టు. ఇగ పూజ గిన్నెలు ముట్టనియ్యకు" అన్నారు.

నేను తలూపాను. రాత్రి పడుకున్నాక ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఈ పదకొండేళ్లలో ఆమె మా పూజగది గడప ఎప్పుడైనా దాటిందా? దాటలేదు. పూజ గిన్నెలు ఎప్పుడూ నేనే తోముకుంటాను. ఆమె మన దేవుణ్ణి వదిలేసిందని బాధపడుతున్నాం సరే, ఆ దేవుడి దగ్గరికి మనం ఆమెను ఏనాడు రానిచ్చామని?

ఆమె ఎందుకు మారిందో నాకు తెలుసు. రెండేళ్ల కింద ఆమె భర్తకు కామెర్లు ముదిరితే గద్వాల నుంచి కర్నూలుకు తీసుకుపోయారు. ఇరవై రోజులు ఆమె అక్కడే ఉండిపోయింది. నేను రెండువేలు చేతిలో పెట్టి, పెద్ద సాయం చేశానని అనుకున్నాను. ఆ ఇరవై రోజులూ వాళ్ళ వీధిలో ప్రార్థనకు పోయే ఆడవాళ్ళు వంతులు వేసుకుని ఆమె ఇద్దరు పిల్లలకూ జొన్నరొట్టెలు చేసిపెట్టారు, రాత్రి తోడు పడుకున్నారు. ఆయన బతకలేదు. అయినా ఆమె ప్రార్థనకు పోతూనే ఉంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఆయనను బతికిస్తడని పోయినావా?" అని.

"బతికియ్యలేదు గదమ్మా. ఆ ఆడోళ్లు వచ్చి నా పక్కన కూసున్నరు. అందుకే పోతున్న" అంది.

నా దగ్గర జవాబు లేదు.

ఇంత చెప్పాక, మతప్రచారం అంతా మంచిదేనని నేను అంటున్నానని అనుకోకండి. నాకూ ఒక చేదు అనుభవం ఉంది. మా అమ్మాయికి డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు, పరిచయం లేని ఒకావిడ మంచం దగ్గరికి వచ్చింది. "మీరు మొక్కే బొమ్మలు కాపాడవు, అందుకే ఇట్లయింది. మా దేవుణ్ణి నమ్ముకోండి, తగ్గిపోతుంది" అంది. ఆ రోజు ఆవిణ్ణి కొట్టకుండా పంపడమే నేను చేసిన పుణ్యం. భయంతో వణికిపోతున్న తల్లి దగ్గర అది ప్రచారం కాదు, బెదిరింపు.

పనిచేసే ఆమె దగ్గరికి వెళ్ళినవాళ్లూ, నా దగ్గరికి వచ్చినావిడా కొలిచేది ఒకే దేవుణ్ణి. కానీ వాళ్ళు ముందు రొట్టె చేసిపెట్టారు. ఈవిడ ముందు షరతు పెట్టింది. నాకు తెలిసిన తేడా ఇంతే.

మన పాలమూరు వైపు ఇదేం కొత్త సంగతి కాదు. నిజాం కాలంలోనే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, అమెరికా నుంచి మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు వచ్చి నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు స్థిరపడ్డారు. తర్వాత గద్వాల మిషన్ కూడా వాళ్ళ చేతికే వచ్చింది. బళ్లు, ఆసుపత్రులు పెట్టారు. మా పుట్టింటివైపు పెద్దవాళ్లు వాళ్ళను 'దొరలు' అంటూనే, జ్వరమొస్తే వాళ్ళ మందుకే పోయేవారట.

అంతకుముందు ఒంగోలులో జరిగిన సంగతి ఒకటి ఉంది. 1876–78 నాటి పెద్ద కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పనిని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరువు పని నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన భయం. పని ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు.

అన్నం పెట్టినవాడి మీది కృతజ్ఞత అంత తొందరగా పోతుందా అని ఎవరైనా అడగొచ్చు. ఆ అనుమానం నాకూ ఉంది. కానీ ఆకలి ఉన్నన్నాళ్లు ఆగాలని ఆయనకు తోచింది చూడండి, అది నాకు నచ్చింది. ఏ మతం వాళ్లయినా ఆ ఒక్క నియమం పెట్టుకుంటే సగం గొడవలు ఉండవు. తిరిగి మన మతంలోకి రండని పిలిచేవాళ్లకూ ఇదే నియమం. రేషన్ బియ్యం, పింఛను, అప్పు చూపించి ఇటు లాగినా అటు లాగినా తప్పే.

మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని నమ్మే హక్కుతోపాటు ప్రచారం చేసుకునే హక్కునూ ఇచ్చింది. ప్రచారమంటే నీ నమ్మకం గురించి చెప్పుకోవడమే, ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. నాకది సబబుగానే అనిపిస్తుంది. చెప్పే హక్కు చెప్పేవాడిది. మారాలా వద్దా అన్నది వినేవాడిది.

కానీ మారినవాళ్లకు మనం వేసే శిక్ష మాటేమిటి? 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవంలోకి పోయిన దళితులకు లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ–సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. మతం మారితే కులం పోయిందని కాగితం అంటుంది. వాళ్ళ వీధి మారిందా? బావి దగ్గర మాట మారిందా? అందుకే చాలామంది కొడుకు చదువు కోసం బడిలో ఒక పేరు, గుడారంలో ఒక పేరు పెట్టుకుని బతుకుతున్నారు. వాళ్ళను దొంగలని తిట్టడం మనకు తేలిక.

కురుమూర్తి జాతరకు మనమంతా పోతాం. స్వామి ఉద్దాలు ఊరేగింపుగా వస్తుంటే తొక్కిసలాడి మరీ దండం పెట్టుకుంటాం. ఆ పాదరక్షలు కుట్టేది దళితుల చేతులే. ఆ చేతులు కుట్టినవి నెత్తిన పెట్టుకుంటాం, ఆ చేతులను మాత్రం గడప బయటే ఆపుతాం. డిగ్రీలో జాషువా 'గబ్బిలం' చదివినప్పుడు, గబ్బిలానికి దొరికిన ప్రవేశం మనిషికి దొరకలేదని కన్నీళ్లు పెట్టుకున్నదాన్ని నేను. మార్కులూ బాగానే వచ్చాయి. మా వంటింటి దాకా ఆ చదువు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఇంకోమాట, ఆడవాళ్లం కాబట్టి మనలో మనం చెప్పుకుందాం. నా పుట్టింట్లో శివుడు, విభూతి, సోమవారం ఒక్కపొద్దు. పెళ్లయి గద్వాలకు వచ్చాక తిరునామం, శనివారం. ఇలవేల్పు మారింది, మొక్కులు మారాయి, ఏరోజు తలకు పోసుకోవాలో కూడా మారింది. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఇది మార్పనుకోలేదు. మన దేవుణ్ణి ఎవరో ఒకరు నిర్ణయిస్తే సర్దుకుపోయిన మనకు, ఒక పేదరాలు తనంతట తానే నిర్ణయించుకుంటే అంత కోపమెందుకు?

పోయిన నెల ఆమె పెద్దబిడ్డ పెద్దమనిషైందని పిలిచింది. పదకొండేళ్లలో మొదటిసారి వాళ్ళ ఇంటికి పోయాను. గోడకు ఏసు క్యాలెండరు, పక్కన మేకుకు ఆయన చొక్కా ఇంకా వేలాడుతూనే ఉంది. నేను ఏమంటానో అన్నట్టు ఆమె క్యాలెండరు వైపు చూసింది. నేను కూర్చుని బువ్వ తిన్నాను. ఇంటికొచ్చి అత్తమ్మకు తిన్నానని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ మరుసటి శనివారం పూజ గిన్నెలు ఆమె ముందు పెట్టి, "ఇవి కూడా తోముతావా?" అని అడిగాను. "తోముత" అంది. అంతే.

ఏ మతమైనా కొత్తవాళ్ళను పిలవచ్చా అని అడిగితే, పిలవచ్చనే అంటాను. కష్టంలో ఉన్నవాళ్ళ చేయి పట్టుకుని ఆ చేతికి వెల అడగనంతవరకు. పిలిచేవాళ్ల మీద కోపమొచ్చిన ప్రతిసారీ మనల్ని మనమూ ఒకటి అడుగుదాం. ఆ ఇంటికి మనం ఎప్పుడైనా వెళ్ళామా?